రాతి మీద దాయాదులు: సహనివేశ అసిడియన్లలో ‘ఒక ప్రాణి’ ఎవరు?

పడవ అడుగున, రేవు గుంజల మీద, ఉప్పునీటిలో నానుతున్న తాళ్ళ మీద ఒక జిగురు పొర పరుచుకుని ఉంటుంది. దగ్గరగా చూస్తే అందులో పువ్వులు గుచ్చినట్టుంటుంది. పువ్వు రేకు అని మనం అనుకునేది నిజానికి రెండు మూడు మిల్లీమీటర్లకు మించని జంతువు. దానికి నోరుంది, గుండె ఉంది, జీర్ణనాళం ఉంది, చిటికెడంత మెదడుంది. పేరు బొట్రిల్లస్ ష్లోసెరి. గ్రీకులో ద్రాక్షగుత్తిని సూచించే మాట నుంచి వచ్చింది బొట్రిల్లస్ అన్న పేరు.

డిగ్రీలో జువాలజీ చదివినవాళ్ళకు దీని ఒంటరి బంధువు, హెర్డ్మానియా అనే అసిడియన్, పరిచయమే. తోకకప్ప లాంటి డింభకం, తోకలో పృష్ఠవంశం, వీపు వెంట నాడీదండం. రాతికి అతుక్కోగానే తోక కరిగిపోయి సంచిలాంటి ప్రౌఢజీవి తయారవడం. తిరోగమన రూపవిక్రియ అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠం అది. పాఠ్యపుస్తకం అక్కడితో ముగుస్తుంది. బొట్రిల్లస్ విషయంలో అసలు తగాదా అక్కడే మొదలవుతుంది.

అతుక్కున్న ఆ ఒక్క జీవి మొగ్గ తొడిగి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, కొన్నాళ్ళకు వందలవుతాయి. ఈ గుంపే సహనివేశం. పక్క రాయి నుంచి ఇంకో సహనివేశం పాకుతూ వచ్చి దీన్ని తాకితే కొన్నిసార్లు రెండూ రక్తనాళాలు కలుపుకుని ఒకటైపోతాయి, కొన్నిసార్లు హద్దు దగ్గర కణాలు చంపుకుని విడిపోతాయి. ఈ కలయిక, ఈ వైరం ఎందుకు, ఎలా అన్నదాని మీద నూరేళ్ళకు పైగా పరిశోధన సాగింది. వాదన చిక్కుపడడానికి కారణం ఒకటే: మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే ప్రశ్నగా కలిపేశారు. తలుపు తీసే యంత్రాంగం ఏమిటి అన్నది మొదటిది. ఆ తాళాల్లో అంత వైవిధ్యం ఎందుకు అన్నది రెండోది. తలుపు తీశాక లాభపడేది ఎవరు అన్నది మూడోది. ఒక ప్రశ్నకు దొరికిన జవాబును ఇంకో ప్రశ్నకు వాడుకోవడం ఈ రంగంలో మొదటి నుంచీ ఉన్న అలవాటు.

పగడం అనుకున్నది బంధువైంది

పద్దెనిమిదో శతాబ్దంలో ష్లోసర్ అనే వైద్యుడు ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ తీరంలో దొరికిన ఒక ‘మెత్తటి పగడం’ గురించి రాయల్ సొసైటీ పత్రికకు రాశాడు. 1766లో పల్లాస్ దానికి ష్లోసర్ పేరు పెట్టి మెత్తపగడాల లెక్కలో వేశాడు. ఆ రోజుల్లో పువ్వు మొత్తాన్నీ ఒక జంతువుగానూ రేకులను దాని చేతులుగానూ భావించేవారు. రేకు రేకూ ఒక పూర్తి జంతువేననీ, ఒంటరి అసిడియన్‌కూ దానికీ లోపలి నిర్మాణం ఒకటేననీ 1816లో సావిన్యీ కోసి చూపించాడు. రెండో మలుపు 1866లో కొవలెవ్‌స్కీది. అసిడియన్ డింభకంలో పృష్ఠవంశాన్ని గుర్తించి, ఈ సంచి జీవులు మన వంశవృక్షానికి చెందినవని చెప్పాడు. 1871లో డార్విన్ దాన్ని అందిపుచ్చుకుని మనిషి పుట్టుక మీద రాసిన పుస్తకంలో చేర్చాడు. 2006లో డెల్‌సుక్ బృందం జన్యువులను పోల్చి ఇంకొంచెం దగ్గరికి లాగింది: సకశేరుకాలకు బతికున్న జీవుల్లో అత్యంత సమీప బంధువులు ఆంఫియాక్సస్ జాతి కాదు, అసిడియన్లు చేరిన ట్యూనికేట్లే.

ఈ బంధుత్వం వల్ల మేలూ జరిగింది, కీడూ జరిగింది. మేలు ఏమిటంటే ఒక జిగురు పొర మీద వైద్యశాస్త్రం కన్ను పడింది. కీడు ఏమిటంటే, దానిలో కనిపించే ప్రతిదీ మనలోని దేనికో ‘పూర్వరూపం’ అయి తీరాలన్న ఆశ పుట్టింది.

వ్యక్తి ఎవరు అన్న ప్రశ్న కూడా ఆ కాలానిదే. సాల్ప్ అనే తేలియాడే ట్యూనికేట్లలో ఒంటరి తరం, గొలుసు తరం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయని 1819లో చెప్పినవాడు షమీసో. ఆయన జర్మన్ కవి కూడా. 1852లో టి.హెచ్. హక్స్‌లీ ఒక నిర్వచనం ఇచ్చాడు: ఒక అండం నుంచి వచ్చినదంతా కలిపి ఒకే వ్యక్తి, విడివిడిగా కనిపించేవి ‘జూయిడ్లు’ మాత్రమే. అంటే వంద పువ్వుల పొర అయినా ఒకటే ప్రాణి. వినడానికి శుభ్రంగా ఉంది. రెండు అండాల నుంచి వచ్చిన రెండు పొరలు రక్తం కలుపుకుంటే ఏమనాలో మాత్రం ఆ నిర్వచనంలో లేదు.

వేరు వాకిళ్ళు, ఉమ్మడి దొడ్డిదారి

వాదం అర్థం కావాలంటే ముందు ఈ ఇంటి కాపురం తెలియాలి. ప్రతి జూయిడ్‌కూ నీరు పీల్చుకునే నోరు వేరు. బయటికి వదిలే దారి మాత్రం పువ్వు మధ్యలో అందరికీ ఒకటే. పువ్వులన్నిటినీ కలుపుతూ, ట్యూనిక్ అనే కవచంలో అల్లుకుని, ఉమ్మడి రక్తనాళాల వల ఉంటుంది. ఆ కవచంలో ఉండేది సెల్యులోజ్. మొక్కల సొత్తు అనుకునే పదార్థాన్ని సొంతంగా తయారు చేసుకునే జంతువులు ట్యూనికేట్లు తప్ప వేరే లేవు. ఆ జన్యువు ఏనాడో బ్యాక్టీరియా నుంచి వచ్చి చేరింది. నాళాల వల అంచుల్లో బుడిపెల్లాంటి చివరలుంటాయి. పొరుగువాడిని మొదట తాకేవి అవే.

ఇంట్లో ఒకేసారి మూడు తరాలుంటాయి: మేసే జూయిడ్లు, వాటి పక్కన మొగ్గలు, ఆ మొగ్గల మీద చిట్టి మొగ్గలు. పద్దెనిమిది ఇరవై డిగ్రీల నీటిలో వారం తిరిగేసరికి పెద్దతరం మొత్తం నోరు మూసుకుంటుంది. దాదాపు ఒక రోజులో దాని కణాలు ముందే రాసిపెట్టిన చావు చచ్చి, భక్షక కణాలకు ఆహారమై, ఆ సరుకంతా కొత్త తరానికి చేరుతుంది. మొగ్గలు నోళ్ళు తెరుస్తాయి, చిట్టి మొగ్గలు మొగ్గలవుతాయి. గుండె, పేగు, మెదడు అన్నీ వారం వారం కొత్తవే. జూయిడ్‌ను ప్రాణి అనుకుంటే దాని ఆయుష్షు కొద్ది వారాలు. సహనివేశాన్ని అనుకుంటే నెలలు, ఏళ్ళు. రెండు తరాలకూ సాక్షిగా మిగిలేవి నాళాల వల, అందులో తిరిగే కణాలు.

అవయవాలు పోతూ కణాలు మిగిలే ఇంట్లో, ఆస్తి ఎవరిది?

తలుపు తీసే యంత్రాంగం: నాలుగు దశాబ్దాల వెతుకులాట

ఒక సహనివేశం నుంచి కోసిన ముక్కలు మళ్ళీ కలుస్తాయనీ, పరాయివి కలవవనీ 1903లో బాంక్రాఫ్ట్ రాశాడు. జన్యు సూత్రం తేల్చినవాళ్ళు జపాన్‌లో ఓకా, వతనబె (1957, 1960), ఇటలీలో సబ్బదిన్ (1962). ఒకే జన్యుస్థానం, దానికి చాలా యుగ్మ వికల్పాలు. ఇద్దరిలో కనీసం ఒకటి ఉమ్మడిగా ఉంటే కలయిక. ఒక్కటీ కలవకపోతే వైరం. తల్లికీ బిడ్డకూ ఎప్పుడూ ఒకటి ఉమ్మడి కాబట్టి అవి తప్పక కలుస్తాయి. నాలుగు వేర్వేరు వికల్పాలున్న తల్లిదండ్రులకు పుట్టిన తోబుట్టువుల్లో నాలుగింట మూడు జతలు కలుస్తాయి. ఒక్కో తీరంలో పదుల కొద్దీ వికల్పాలుండటం వల్ల బయటివాళ్ళు తాకితే దాదాపు ఎప్పుడూ కుదరదు. మన అవయవ మార్పిడిలో ఒక్క తేడా కూడా ఇబ్బందే. ఇక్కడ ఒక్క పోలిక చాలు. ఈ తలకిందుల తేడాను మొదట్లోనే గట్టిగా పట్టించుకుని ఉంటే తర్వాతి తప్పుదారి కొంత తగ్గేది.

ఆ దారి ఇది. 1971లో రోగనిరోధక శాస్త్రజ్ఞుడు బర్నెట్ సహనివేశ సముద్రజీవుల్లోని ఈ గుర్తింపును మన రోగనిరోధక వ్యవస్థ పుట్టుకతో ముడిపెట్టాడు. 1982లో స్కోఫీల్డ్, ఇర్వింగ్ వైస్‌మన్ తదితరులు నేచర్ పత్రికలో దాన్ని ‘ఎం.హెచ్.సి. లాంటి’ వ్యవస్థ అన్నారు. అదే మన అవయవ మార్పిడిని శాసించే జన్యుసముదాయం. ఒకటి నుంచి మరొకటి వచ్చిందన్న ఆశ బలపడింది. 2002లో ఒంటరి అసిడియన్ సియోనా జన్యుపటం వచ్చేసరికి అందులో ఎం.హెచ్.సి. జన్యువులే కనిపించలేదు. బంధువు ఇంట్లో లేని నగను పూర్వీకుల నగ అనడం కష్టమే.

అప్పటి నుంచి వెతుకులాట జంతువు సొంత జన్యువుల మీదకు మళ్ళింది. 2005లో డి తొమాసో బృందం సీ.ఎఫ్.యు.హెచ్.సి. అనే జన్యువును వేరుచేసింది. అందులో ఇమ్యునోగ్లోబ్యులిన్ తరహా భాగాలున్నా ఎం.హెచ్.సి.తో చుట్టరికం లేదు. 2006లో దాని పక్కనే ‘ఫెస్టర్’ దొరికింది, ఆ తర్వాత ‘అంకుల్ ఫెస్టర్’. అమెరికన్ టీవీ హాస్యపాత్ర పేరు జన్యువుకు పెట్టుకునే సరదా శాస్త్రజ్ఞులకు ఉంది. 2013లో వొస్కొబోయ్నిక్ బృందం సైన్స్ పత్రికలో ఇంకో అభ్యర్థిని నిలబెట్టింది: బి.హెచ్.ఎఫ్. 252 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. తెలిసిన ఏ ప్రోటీన్ కుటుంబానికీ చెందదు. కలయికా వైరమా అన్నది సీ.ఎఫ్.యు.హెచ్.సి. కంటే మెరుగ్గా చెప్పగలిగేది ఇదేనని వాళ్ళ వాదం.

ఇక్కడ రెండు పక్షాలు నిలిచాయి. ఒక పక్షానికి ఇదంతా ఒకే తాళం. దాని పేరు బి.హెచ్.ఎఫ్. ఇంకో పక్షానికి ఇది పక్కపక్క జన్యువుల గుంపు: ఒకటి గుర్తు, మరొకటి గుర్తును చదివేది, ఇంకొకటి హెచ్చరించేది. మనలోని సహజ హంతక కణాలు ‘నావాడి గుర్తు కనబడలేదు’ అన్నప్పుడు దాడికి దిగే పద్ధతికి ఇది దగ్గర. బి.హెచ్.ఎఫ్. పక్షానికి ఫలితాలను ముందే చెప్పగల బలం ఉంది. అయితే కణం వెలుపల గుర్తును చదవాల్సిన ప్రోటీన్‌కు ఉండాల్సిన ఆనవాళ్ళు దానిలో కనిపించకపోవడం పెద్ద ఇబ్బంది. ఫలితాన్ని సరిగ్గా చెప్పడం వేరు, ఆ పని చేయడం వేరు. జన్యుస్థానంలో అంతా పక్కపక్కనే ఉండి కలిసి వారసత్వంగా వస్తున్నప్పుడు ఈ తేడాను తేల్చడం కష్టం. గుంపు పక్షం వైపే కొంచెం మొగ్గు చూపక తప్పదు.

పొత్తు కలిశాక

తలుపు తెరిచాక ఏమవుతుందన్నది ఈ సమీక్షలో అన్నిటికంటే సారమున్న భాగం. కలిసిన రెండు సహనివేశాలనూ కలిపి కైమెరా అంటారు. పైకి సుఖంగా కనిపిస్తుంది. కానీ ప్రయోగశాలలో చాలా కైమెరాల్లో కొన్ని వారాలకు ఒక భాగస్వామి జూయిడ్లు వరసగా కరిగిపోతాయి. దీన్ని బరుక్ రింకెవిచ్, వైస్‌మన్ ఏళ్ళ తరబడి వివరంగా రాశారు. అక్కడితో ఆగితే ‘ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు’ అని ముగించవచ్చు. ఆగలేదు. 1979లో సబ్బదిన్, జనియోలో రంగు తేడాలున్న సహనివేశాలను కలిపి మళ్ళీ విడదీశారు. విడదీసిన తర్వాత కూడా ఒకరి ఇంట్లో మరొకరి బీజకణాలు ఉండిపోయి, పిల్లలు పుట్టించాయి. ఒంటిని ఓడించినవాడే వంశాన్ని కోల్పోవచ్చన్నమాట.

1982లో లియో బస్ దీనికి సిద్ధాంతం కట్టాడు: దేహకణ పరాన్నజీవనం. మూలకణాలు రక్తంలో తిరుగుతూ, వారం వారం అవయవాలు మళ్ళీ కట్టే జంతువులో, కలిసినవాడి కణాలు మొగ్గల్లో దూరి అండాలను, వీర్యాన్ని సొంతం చేసుకోగలవు. గుర్తింపు వ్యవస్థ పని ఆ దొంగను వాకిట్లోనే ఆపడం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం ఇక్కడ దాయాదికే సాధ్యం. తాళంచెవి ఉన్నది వాడి దగ్గరే. 1996లో స్టోనర్, వైస్‌మన్ జన్యు గుర్తులతో ఇది తరచూ జరుగుతుందని చూపారు. 1999లో రింకెవిచ్‌తో కలిసి ఇంకో అడుగు వేశారు: ఎవరు గెలుస్తారన్నది యాదృచ్ఛికం కాదు; గెలుపు ఓటముల వరస మళ్ళీ మళ్ళీ అలాగే వస్తుంది, వారసత్వంగా కూడా వస్తుంది. 2005లో లెయిర్డ్, డి తొమాసో, వైస్‌మన్ మూలకణాలను వేరుచేసి పరాయి సహనివేశంలోకి ఎక్కించారు. అవి ఒంట్లోనూ బీజకణాల్లోనూ నిలదొక్కుకున్నాయి. వాళ్ళ వ్యాసం శీర్షిక మూలకణాన్నే సహజవరణానికి ప్రమాణంగా ప్రకటించింది.

పంతొమ్మిదో శతాబ్దంలో బీజకణ పరంపర దేహం నుంచి మొదట్లోనే విడిపోతుందని సూత్రీకరించిన ఆగస్ట్ వైస్‌మాన్‌కూ, ఆ సూత్రం పట్టని జంతువుతో దశాబ్దాలు గడిపిన ఇర్వింగ్ వైస్‌మన్‌కూ పేరు రాతలో ఒకటి రెండు అక్షరాలే తేడా. చరిత్రలో ఇలాంటి చిలిపితనం అప్పుడప్పుడూ ఉంటుంది.

కలయిక సహకారమేననే ఎదుటి పక్షం మాట కూడా తేలికగా తీసేయదగింది కాదు. కలిస్తే పెద్దవుతారు, పెద్దయితే రాతి మీద చోటు దక్కుతుంది, తొందరగా ఈనే వయసుకు చేరతారు. లేత వయసులో చావులెక్కువ ఉండే జీవికి ఇది చిన్న లాభం కాదు. ఇద్దరి కైమెరాల కంటే నలుగురైదుగురివి మెరుగ్గా నడుస్తాయని రింకెవిచ్, షపీరా 1999లో చూపారు. 2004లో రింకెవిచ్, యాంకెలెవిచ్ ఒక ముఖ్యమైన తేడా పట్టుకున్నారు: నీటి ఉష్ణోగ్రత మారితే దేహంలో భాగస్వాముల వాటా మారుతుంది, బీజకణాల దోపిడీ మాత్రం దాంతోపాటు మారదు. అంటే ఒంటికి సహకారం, వంశానికి దోపిడీ, రెండూ ఒకే ఇంట్లో ఒకేసారి. రెండు పక్షాలూ నిజమే చెబుతున్నాయి, వేర్వేరు కణాల గురించి.

అన్ని తాళాలు ఎందుకు?

దొంగను ఆపడానికే అయితే వికల్పాలు అన్ని ఎందుకు? 1986లో క్రోజియర్ లెక్కవేసి ఒక చిక్కు చూపాడు. కలయిక లాభమైతే అందరిలోనూ ఉన్న వికల్పానికే ఎక్కువ అవకాశాలు. అది పెరిగి పెరిగి మిగతావాటిని తుడిచేస్తుంది. వైవిధ్యం నిలవాలంటే గుర్తింపు వ్యవస్థకు వేరే ఏదో పని ఉండాలి. కలయిక నష్టమైతే మాత్రం అరుదైనదే మేలు, వైవిధ్యం తనంతట నిలుస్తుంది. అందుకే క్రోజియర్ చిక్కు, బస్ సిద్ధాంతం ఒకదానికొకటి ఊతమిస్తాయి. సరిగ్గా అదే ఏడాది గ్రోస్‌బర్గ్, క్విన్ నేచర్‌లో ఎదురు సాక్ష్యం పెట్టారు: డింభకాలు ఉమ్మడి వికల్పమున్న బంధువుల పక్కనే చేరి అతుక్కుంటాయి. దోపిడీ భయముంటే దాయాది పక్కన ఇల్లెందుకు కట్టుకుంటారు? కుటుంబంలోనే దోచుకుంటే ఆస్తి మరీ దూరం పోదన్నది ఒక జవాబు. అది పూర్తి జవాబు కాదు.

పక్కపక్కన పెడితే

జూయిడ్ పక్షం సావిన్యీది. శరీరనిర్మాణానికి అది సరిపోతుంది, వారం వారం వచ్చే చావును వివరించలేదు. అండం పక్షం హక్స్‌లీది. ఒంటరి సహనివేశానికి బాగుంటుంది, కైమెరా దగ్గర చేతులెత్తేస్తుంది. మూలకణ పక్షం బస్, వైస్‌మన్‌లది. ప్రయోగాల బలం దానికే ఎక్కువ. బలహీనత ఒక్కటే, ఆ ప్రయోగాల్లో చాలావరకు గాజుపలకల మీద, మనిషి చేత్తో పక్కన పెట్టిన జతల మీద జరిగాయి. సహకార పక్షానికి తీరంలో బతుకు తెరువు తర్కం ఉంది, బీజకణాల లెక్క మాత్రం దానికి అనుకూలంగా లేదు. మొత్తం మీద మూలకణ పక్షమే ముందుంది, కానీ అది ‘వ్యక్తి ఎవరు’ అన్న ప్రశ్నకు జవాబు కాదు. ‘పోటీ ఎక్కడ జరుగుతుంది’ అన్నదానికి జవాబు. ఈ రెండింటినీ ఒకటిగా చదవడం ఈ రంగంలో మామూలైపోయింది.

తేలనివి

మూలకణం ఒకటా, రెండా? మూలకణాలను ఎక్కించిన 2005 ప్రయోగం ఒకే రకం కణం ఒంటినీ బీజాన్నీ రెండింటినీ కట్టగలదన్న ఆశ పెంచింది. 2009 నుంచి డి తొమాసో, బ్రౌన్ తదితరుల పని మాత్రం బీజకణ పరంపర ముందుగానే విడిపోయి, తరం మారినప్పుడల్లా పాత మొగ్గ నుంచి కొత్త మొగ్గకు వలసపోతుందని సూచిస్తోంది. ఇది నిజమైతే వైస్‌మాన్ గోడ ఈ జంతువులోనూ ఉంది, కాకపోతే గోడ అటూ ఇటూ నడుస్తుంది.

పునరుత్పత్తి చిక్కు ఇంకోటి. బంధువు బొట్రిల్లాయిడ్స్‌లో జూయిడ్లన్నీ తీసేసి నాళాల ముక్క మాత్రమే వదిలితే, అందులోని కొన్ని వందల రక్తకణాల నుంచి పూర్తి జంతువు మళ్ళీ లేస్తుంది. 1995లో రింకెవిచ్ బృందం ఇది చూపింది. 2020లో కాస్మర్, డి తొమాసో బృందం ఇంకో బొట్రిల్లాయిడ్స్‌లో ఆ పని చేసే కణాలకు గుర్తు పట్టింది. బొట్రిల్లస్ ష్లోసెరి మాత్రం పాత తరం కరిగే ఘడియలో తప్ప ఈ విద్య సరిగ్గా చూపదు, చూపినా మొదటి కొన్ని తరాలు అవకరంగానే పుడతాయి. ఇంత దగ్గరి బంధువుల మధ్య ఇంత తేడా ఎందుకు? మొగ్గతొడిగే విద్య ఈ కుటుంబంలోనే కనీసం రెండు సార్లు విడివిడిగా పుట్టిందని 2018లో అలియే బృందం చూపింది కాబట్టి, ఒక జాతిలో తేలినదాన్ని ఇంకోదానికి అంటగట్టేముందు ఆగవలసిందే.

ముసలితనం సంగతీ అంతే. ఒకే సహనివేశాన్ని ముక్కలు చేసి వేరువేరుగా పెంచినా అవి దాదాపు ఒకే కాలంలో చనిపోతాయని 1992లో రింకెవిచ్ తదితరులు రాశారు. వారం వారం కొత్త గుండె వచ్చే జంతువుకు ముసలితనం ఎక్కడ దాక్కుంటుంది? మూలకణాల్లోనే అన్నది వైస్‌మన్ వర్గం ఊహ.

వీటన్నిటి కింద ఇంకో మెలిక ఈ మధ్య బయటపడింది. ప్రపంచమంతా ఓడల అడుగున తిరిగి రేవురేవునా స్థిరపడిన బొట్రిల్లస్ ష్లోసెరి ఒక జాతి కాదు, పైకి ఒకేలా కనిపించే కొన్ని జాతుల గుంపు. జన్యువుల ఆధారంగా ఐదు శాఖలుగా విడదీశారు. అందులో ఒకదానికి 2020లో బ్రునెత్తి తదితరులు బొట్రిల్లస్ గేయే అని వేరే పేరు పెట్టారు. జాతులు వేరైతే తాకిడి దగ్గర కనిపించే వైరానికి గుర్తింపు జన్యువే కారణమని చెప్పడానికి వీల్లేదు. ఐరోపా తీరాల్లో పాతకాలపు కలయిక ప్రయోగాలు ఏ శాఖ మీద జరిగాయో, సీసాల్లో నమూనాలు మిగిలి ఉన్నచోట, ఇప్పుడు ఒక్కొక్కటిగా తీసి చూసుకోవలసి ఉంది.